ఎంటార్‌ని ఆపేస్తే ముసలితనం ఆగుతుందా? షుగర్ అంచున ఉన్నవాళ్లకి ఒక వివరమైన సమాధానం

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్తాను. మీకు 38 ఏళ్లు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23.5, పరగడుపు షుగర్ 112, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్) 6.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 240. నాన్నగారికి నలభై దాటగానే షుగర్ వచ్చింది. వీడియోలు చూశాక, ఎంటార్ అనే ప్రోటీన్ ముసలితనం తెస్తుందనీ, ఏఎంపీకే అనేది ఆయుష్షు పెంచుతుందనీ, మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని లేపితే చాలనీ అనుకున్నారు. అందుకే గుడ్లు, పప్పు బాగా తగ్గించేసి, రోజుకి ఒక్కపూటే, అదీ రాత్రి తొమ్మిదింటికి తింటున్నారు. ఇప్పుడు రాపామైసిన్ (ఎంటార్‌ని అణిచే మందు), మెట్‌ఫార్మిన్ (షుగర్ మందు), ఎన్‌ఎంఎన్ (ఆయుష్షు పేరుతో అమ్మే సప్లిమెంట్) వీటిలో ఏది మొదలుపెట్టాలని అడుగుతున్నారు.

నేను ఇన్సులిన్ సిగ్నలింగ్ మీద ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని, వైద్యుణ్ని కాను. అయినా సూటిగానే చెప్తాను. రాపామైసిన్ జోలికి పోకండి, మీ పరిస్థితిలో అది షుగర్‌ని ఇంకా పెంచే ప్రమాదం ఉంది. ఎన్‌ఎంఎన్‌కి డబ్బు పెట్టొద్దు. మెట్‌ఫార్మిన్ మీ డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం, అందులో తప్పేమీ లేదు. గుడ్లు, పప్పు మాత్రం ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి. ఎందుకో చెప్పాలంటే కణం లోపలికి కాస్త వెళ్లాలి, ఓపిగ్గా చదవండి.

ఇన్సులిన్ వచ్చి కణం బయట ఉన్న రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. తను లోపలికి వెళ్లి చేసే పనేమీ లేదు, కబురు మాత్రమే వెళ్తుంది. రిసెప్టర్ లోపలి కొస తనకి తానే ఫాస్ఫేట్లు తగిలించుకుంటుంది, వాటి దగ్గరికి ఐఆర్‌ఎస్ అనే ప్రోటీన్ చేరుతుంది, దాన్ని పట్టుకుని పీఐ3కే అనే ఎంజైమ్ వస్తుంది, అది కణపొరలోని ఒక రకం కొవ్వు అణువుకి ఇంకో ఫాస్ఫేట్ తగిలించి గుర్తు పెడుతుంది, ఆ గుర్తు ఉన్నచోటికి ఏకేటీ వచ్చి చేతనమవుతుంది. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. ఏకేటీ దగ్గర్నుంచి దారులు చీలతాయి. కండలో అయితే గ్లూట్4 అనే ప్రోటీన్లు కణం లోపలి సంచుల నుంచి పైపొరకి వస్తాయి, వాటి ద్వారా గ్లూకోజ్ లోపలికి వస్తుంది. లివర్‌లో అయితే ఏకేటీ వెళ్లి ఫాక్స్‌ఓ1 అనే ప్రోటీన్‌ని కేంద్రకం నుంచి బయటికి పంపేస్తుంది. ఈ ఫాక్స్‌ఓ1 పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. ఇది కేంద్రకంలో ఉన్నంతసేపూ లివర్ కొత్త గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. రాత్రంతా మీరు ఏమీ తినకపోయినా పొద్దున 112 ఎక్కడ్నుంచి వస్తోందని మీరు అడిగారు కదా, చాలావరకు ఇక్కడ్నుంచే. ఇక మూడో దారి ఎంటార్‌కి వెళ్తుంది, ప్రోటీన్లు కట్టు, కొవ్వు కట్టు, పెరుగు అనే ఆదేశం అక్కడ్నుంచి వెళ్తుంది.

ఇన్సులిన్ రెసిస్టెన్స్ అనే మాట అందరూ వాడతారు, అది కంటికి ఎలా కనిపిస్తుందో చెప్తాను. కండ కణాల్ని ప్లేట్‌లో పెంచి, కొన్నింటికి రాత్రంతా పామిటేట్ ఇస్తాం, అంటే పామాయిల్, నెయ్యి లాంటి వాటిలో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లం, ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్‌కి అతికించి. పొద్దున అన్నిటికీ పది నిమిషాలు ఇన్సులిన్ ఇచ్చి, కణాల్ని పగలగొట్టి, ప్రోటీన్లని జెల్ మీద విడదీసి, ఫాస్ఫేట్ తగిలిన ఏకేటీని మాత్రమే పట్టే యాంటీబాడీ వేస్తాం. మామూలు కణాల్లో అరవై కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర నల్లగా, దట్టంగా గీత వస్తుంది. పామిటేట్ తిన్నవాటిలో అదే గీత పాలిపోయి ఉంటుంది. మొత్తం ఏకేటీ ఎంత ఉందో చూస్తే రెండింటిలోనూ సమానమే. అంటే ప్రోటీన్ ఉంది, ఇన్సులిన్ ఉంది, కబురే అందలేదు. ఇంకో వరసలో పామిటేట్‌తో పాటు ఓలియేట్, అంటే ఆలివ్, వేరుశనగ నూనెల్లో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లం, కలిపి ఇస్తే గీత మళ్లీ చాలావరకు నల్లగా వస్తుంది. మొదటిసారి ఇది చూసినవాళ్లు నమ్మలేరు, మొత్తం కొవ్వు పెరిగినా సిగ్నల్ బాగుపడింది కదా! కారణమేంటంటే ఓలియేట్ ఉన్నప్పుడు కొవ్వు ట్రైగ్లిజరైడ్ బిందువుల్లోకి వెళ్లి సర్దుకుంటుంది. అలా సర్దుకోలేని కొవ్వు డయాసైల్‌గ్లిజరాల్‌గా, సెరమైడ్‌గా పేరుకుంటుంది. మొదటిది పీకేసీ అనే ఎంజైముల ద్వారా రిసెప్టర్ దగ్గరే అడ్డు పడుతుంది, రెండోది ఏకేటీని నేరుగా దెబ్బతీస్తుంది. ఎక్కువ దూరాలు పరిగెత్తే క్రీడాకారుల కండల్లో కూడా కొవ్వు బాగానే ఉంటుంది, అయినా వాళ్లకి ఇన్సులిన్ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్లు దాన్ని వాడేస్తూ ఉంటారు.

దీనితో పాటు వాపు సంగతి కూడా ఉంది. 1993లో హోటమిస్లిగిల్, స్పీగెల్‌మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వులోంచి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు ప్రోటీన్ ఎక్కువగా వస్తోందని చూపించింది, అది కూడా ఐఆర్‌ఎస్ మీదే దెబ్బ కొడుతుంది. దీన్ని ఇక్కడితో వదిలేస్తాను, మీ కేసులో అసలు కథ లివర్‌ది.

లివర్‌లో జరిగేది కొంచెం విచిత్రం. అక్కడ ఇన్సులిన్‌కి రెండు పనులున్నాయి: గ్లూకోజ్ తయారీ ఆపడం, మిగిలిన పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చడం. రెసిస్టెన్స్ వచ్చిన లివర్ మొదటి మాట వినదు, రెండో మాట మాత్రం వింటూనే ఉంటుంది. 2008లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఈ విషయాన్ని గట్టిగా ముందుకు తెచ్చారు, కొలెస్టరాల్ మీద నోబెల్ అందుకున్న జంటే. షుగర్ తగ్గట్లేదని పాంక్రియాస్, అంటే ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి, ఇంకా ఇంకా ఇన్సులిన్ పంపుతుంది, ఆ అదనపు ఇన్సులిన్ ఎస్‌ఆర్‌ఈబీపీ1సీ అనే ప్రోటీన్‌ని రెచ్చగొట్టి కొవ్వు తయారీని పెంచుతుంది, ఆ కొవ్వు లివర్‌లో పేరుకుని రెసిస్టెన్స్‌ని ఇంకా పెంచుతుంది, మిగిలింది ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి వస్తుంది. మీ రిపోర్టులో 112, 240 అని రెండు చోట్ల విడివిడిగా గీత గీసి పంపారు, నా దృష్టిలో ఆ రెండూ ఒకే జబ్బుకి రెండు ముఖాలు. అల్ట్రాసౌండ్ చేయించారా? చేయించకపోతే చేయించండి, ఫ్యాటీ లివర్ ఉంటే నాకు ఆశ్చర్యం లేదు.

బీఎంఐ 23.5 ఉంటే ఫ్యాటీ లివర్ ఎలా వస్తుందని అడగొద్దు, మనవాళ్లకి వస్తుంది. భారతీయులకి 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణెకి చెందిన యాజ్ఞిక్, లండన్‌కి చెందిన యుడ్కిన్ అనే ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు మనకి తక్కువ, కండ కూడా తక్కువ, అందువల్ల కొంచెం ఎక్కువైనా అది లివర్‌లోకి, పొట్టలోకి పొంగుతుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త సర్వే లెక్క ప్రకారం దేశంలో 11.4 శాతం మందికి షుగర్ ఉంది, 15.3 శాతం మంది మీలాగే అంచున ఉన్నారు.

ఇప్పుడు వయసు సంగతి. 1993లో సింథియా కెన్యన్ బృందం సి.ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవుండే పురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువులో మార్పు వస్తే అది రెట్టింపు కాలం బతుకుతుందని చూపించింది. తర్వాత 1997లో తేలిందేమిటంటే డాఫ్-2 అంటే పురుగులో ఇన్సులిన్ రిసెప్టరే. ఆ అదనపు ఆయుష్షు రావాలంటే డాఫ్-16 ఉండాలి, అది ఫాక్స్‌ఓ కుటుంబానికి చెందిన ప్రోటీన్, అంటే మీ లివర్‌లో తెల్లవారుజామున షుగర్ తయారుచేయిస్తున్న ప్రోటీన్‌కి దగ్గర చుట్టం. ఇది చదివినప్పుడు మీకు సందేహం రావాలి, నాకు చదువుకునే రోజుల్లో వచ్చింది: ఇన్సులిన్ సిగ్నల్ తగ్గితే పురుగు రెట్టింపు బతుకుతోంది, మరి మనిషికి అదే తగ్గితే డయాబెటిస్ వచ్చి ఆయుష్షు తగ్గుతోంది, రెండూ ఎలా నిజమవుతాయి?

నా సమాధానం మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కబురు తక్కువగా పంపడం వేరు, గట్టిగా అరుస్తున్నా అవతల వినపడకపోవడం వేరు. తక్కువ తిని, బాగా కదిలే మనిషికి ఇన్సులిన్ తక్కువే ఉంటుంది, కానీ వచ్చిన కొంచెమూ పూర్తిగా పనిచేస్తుంది, పని అయ్యాక సిగ్నల్ పడిపోతుంది. రెసిస్టెన్స్ ఉన్న మనిషిలో ఇన్సులిన్ పొద్దున్నుంచి రాత్రిదాకా ఎక్కువగానే ఉంటుంది, కొన్ని దారులు మూసుకుపోతాయి, కొన్ని దారులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఈక్వెడార్‌లో లారాన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. వాళ్లకి గ్రోత్ హార్మోన్ రిసెప్టర్ పనిచేయదు, ఐజీఎఫ్-1 అనే, ఒళ్లు పెరగడానికి పనికొచ్చే హార్మోన్ చాలా తక్కువ, పొట్టిగా ఉంటారు, లావుగానూ ఉంటారు, అయినా వాళ్లలో డయాబెటిస్ కనిపించలేదు, క్యాన్సర్ దాదాపు లేదు. వాళ్ల ఇన్సులిన్ తక్కువ, దాని పనితీరు ఎక్కువ. అలాగని వాళ్లు నూరేళ్లు బతుకుతున్నారనేం తేలలేదు, పురుగుల్లో వచ్చిన ఫలితాన్ని మనుషులకి అంటగట్టే ముందు ఈ ముక్క కూడా చెప్పాలి.

ఎంటార్ కథ ఈస్టర్ ద్వీపంలో మొదలైంది. 1964లో కెనడా బృందం అక్కడి మట్టి తెచ్చింది, అందులోని బ్యాక్టీరియా నుంచి మాంట్రియల్‌లోని అయర్స్ట్ కంపెనీలో సురేంద్రనాథ్ సెహగల్ ఒక పదార్థాన్ని వేరుచేశారు, ఆ ద్వీపం స్థానిక పేరు రాపా నుయి కాబట్టి రాపామైసిన్ అని పెట్టారు, 1975లో ప్రచురించారు. ఎనభైల మొదట్లో ఆ ల్యాబ్ మూసేస్తే ఆయన ఆ బ్యాక్టీరియాని ఇంటికి తీసుకెళ్లి ఫ్రీజర్‌లో దాచారు, లేకపోతే ఈ రోజు మనం ఈ చర్చే చేసేవాళ్లం కాదు. 1991లో మైకేల్ హాల్ బృందం ఈస్ట్‌లో టార్ జన్యువుల్ని పట్టుకుంది, ఎంటార్ అంటే రాపామైసిన్ తగిలే ఆ ప్రోటీన్‌కి క్షీరదాల్లో ఉన్న రూపం. ఇన్సులిన్ ఉందా, అమైనో ఆమ్లాలు ఉన్నాయా, శక్తి ఉందా అని ఈ ఎంటార్ కనుక్కుంటుంది. అమైనో ఆమ్లాల్లో ల్యూసిన్‌ని పసిగట్టే సెస్ట్రిన్2, ఆర్జినిన్‌ని పసిగట్టే క్యాస్టర్1 అనే ప్రోటీన్లు విడివిడిగా ఉంటాయి. అన్నీ ఉంటే కట్టడం మొదలుపెడుతుంది, పాత సామాను విరగ్గొట్టి వాడుకునే ఆటోఫజీని ఆపుతుంది. ఈ ఆటోఫజీ జన్యువుల్ని పట్టుకున్నందుకే ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది.

గోదావరి కాలువ లాకులు చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: ఎప్పుడూ ఎత్తి ఉంచితే చేను కుళ్లిపోతుంది, ఎప్పుడూ దించి ఉంచితే ఎండిపోతుంది. ఎంటార్ తిన్నాక లేవాలి, తర్వాత పడిపోవాలి. పొద్దున ఇడ్లీ, పదకొండింటికి బిస్కెట్లు, మధ్యాహ్నం ప్లేటు నిండా అన్నం, నాలుగింటికి టీతో మిర్చి బజ్జీ, రాత్రి మళ్లీ అన్నం అయితే అది పడిపోయే సమయమే ఉండదు. పైగా ఎంటార్ కింద ఉండే ఎస్6కే1 అనే ఎంజైమ్ వెనక్కి తిరిగి ఐఆర్‌ఎస్‌నే దెబ్బతీస్తుంది, అంటే ఎంటార్ ఎక్కువసేపు మెలకువగా ఉంటే ఇన్సులిన్ మాట వినపడకుండా పోవడానికి అదీ ఒక కారణం.

అలాంటప్పుడు రాపామైసిన్ వేసుకుంటే మంచిదే కదా అంటారు. 2009లో అమెరికాలో మూడు చోట్ల ఒకేసారి చేసిన ప్రయోగంలో 600 రోజుల వయసున్న ఎలుకలకి, అంటే ముసలి ఎలుకలకి, ఇచ్చినా ఆయుష్షు పెరిగింది. ఎలుకల మందుల్లో ఇంత గట్టి ఫలితం అరుదు, ఆ అధ్యయనం మీద నాకు చాలా గౌరవం. కానీ ఎంటార్ రెండు కూటములుగా ఉంటుంది. మొదటి కూటమి పెరుగుదల చూస్తుంది, రెండో కూటమి ఏకేటీకి పూర్తి బలం ఇస్తుంది. రాపామైసిన్ చాలాకాలం వాడితే రెండో కూటమి కూడా దెబ్బతిని ఇన్సులిన్ రెసిస్టెన్స్ వస్తుందని 2012లో ల్యామింగ్ తదితరులు ఎలుకల్లో చూపించారు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు దీన్ని 1999 నుంచి వాడుతున్నారు, వాళ్లలో ట్రైగ్లిజరైడ్లు పెరగడం, షుగర్ పెరగడం, నోట్లో పుళ్లు డాక్టర్లకి బాగా తెలిసిన విషయాలు. 240 ట్రైగ్లిజరైడ్లు, 112 పరగడుపు షుగర్ ఉన్న మనిషి ఈ మందుని ఆయుష్షు కోసం సొంతంగా తెప్పించుకుని వేసుకోవడం నాకు భయం కలిగించే విషయం, దయచేసి వద్దు.

ఏఎంపీకే దగ్గరికి వద్దాం. కణంలో శక్తి నాణెం ఏటీపీ అని మనందరం బళ్లో చదివాం. 1929లో జర్మనీలో లోమన్ ఒకవైపు, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మరోవైపు, విడివిడిగా దాన్ని కనుక్కున్నారు. కండలో తక్షణం ఏటీపీని తిరిగి నింపే ఫాస్ఫోక్రియాటిన్‌ని కూడా ఫిస్క్, సుబ్బారావు 1927లోనే చూపించారు. ఏటీపీ ఖర్చయ్యేకొద్దీ దాని మిగులు రూపమైన ఏఎంపీ పెరుగుతుంది, ఆ పెరుగుదలని పసిగట్టేదే ఏఎంపీకే. అది లేస్తే కొవ్వు తయారీ ఆగుతుంది, కొవ్వు మైటోకాండ్రియాలోకి, అంటే కణంలో శక్తి తయారయ్యే చోటికి, వెళ్లి కాలుతుంది, ఎంటార్ తగ్గుతుంది, ఆటోఫజీ మొదలవుతుంది. మీకు ముఖ్యమైన సంగతి: కండ ముడుచుకున్నప్పుడు గ్లూట్4 పైపొరకి రావడానికి ఇన్సులిన్ అక్కర్లేదు. ఏకేటీ ఏ టీబీసీ1డీ4 అనే ప్రోటీన్‌ని తాకి ఆ పని చేయిస్తుందో, ఏఎంపీకే కూడా దాన్నే తాకగలదు, దానికి తోడు కాల్షియం లాంటి వేరే దారులూ ఉన్నాయి. రెసిస్టెన్స్ ఉన్న మనిషిలో కూడా ఈ రెండో దారి దాదాపు చెక్కుచెదరకుండా పనిచేస్తుంది. గట్టి వ్యాయామం తర్వాత ఒకట్రెండు రోజులపాటు కండ ఇన్సులిన్ మాట కూడా బాగా వింటుంది. అందుకే ఆదివారం ఒక్కరోజు మూడు గంటలు క్రికెట్ ఆడేకన్నా రోజు విడిచి రోజు కండకి పని చెప్పడం మేలు, భోజనం చేయగానే పది పదిహేను నిమిషాలు నడిచినా తేడా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ గుడ్లు, పప్పు. ప్రోటీన్ తింటే ఎంటార్ లేస్తుందన్నది నిజమే, కండలో అది లేవాలి! కండ కట్టేది అదే, మీ గ్లూకోజ్‌లో ఎక్కువ భాగం వెళ్లాల్సింది ఆ కండలోకే. వయసు పెరిగేకొద్దీ అదే కండని నిలబెట్టడానికి ఇంకా ఎక్కువ ప్రోటీన్ కావాలి. మన దేశంలో కేలరీల్లో 62 శాతం దాకా పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి, ప్రోటీన్ ఎక్కువై ఎంటార్ పెరిగిపోయే సమస్య మన పళ్లెంలో లేదు. మీరు పప్పు తగ్గించి ఆ ఖాళీని అన్నంతో నింపుతున్నారు, రాత్రి తొమ్మిదింటికి. శరీరానికి ఇన్సులిన్ మీద పట్టు పగలు ఎక్కువ, రాత్రి తక్కువ. 2018లో షుగర్ అంచున ఉన్న మగవాళ్లకి రోజు తిండి అంతా ఆరు గంటల్లోపు, మధ్యాహ్నం మూడు లోపే పెట్టారు, బరువు తగ్గకపోయినా ఐదు వారాల్లో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. మధ్యాహ్నం మూడుకే ఆపెయ్యమని ఉద్యోగం చేసుకునేవాళ్లకి నేను చెప్పను, ఏడు, ఏడున్నర కల్లా తేలిగ్గా ముగించండి చాలు. మూడుపూటలా తినండి, మధ్యలో మేత ఆపండి, ప్రతిపూటా గుడ్డో పప్పో పెరుగో శనగలో ఉండాలి, అన్నం ఇప్పుడు తినేదానిలో సగానికి రావాలి.

మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియాలో శక్తి తయారీకి తోడ్పడే కాంప్లెక్స్ 1ని కొంచెం అణుస్తుంది, ఈ మందుతో ఏఎంపీకే లేస్తుందని 2001లో చూపించారు. అయితే లివర్‌లో ఏఎంపీకే లేని ఎలుకల్లో కూడా మందు పనిచేసింది, కాబట్టి కథ అంత సూటిగా లేదు. షుగర్ ఆపడానికి మాత్రం ఆధారం గట్టిది. చెన్నైలో రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనంలో, 2006లో వచ్చింది, ఏమీ చేయనివాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. జీవనశైలి మార్పుతో ఆ ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో 26.4 శాతం, రెండూ కలిపితే 28.2 శాతం, అంటే కలిపినందుకు అదనంగా వచ్చిందేమీ లేదు. ఇంకోటి, 65 దాటినవాళ్లు బరువులెత్తే వ్యాయామం చేస్తుండగా మెట్‌ఫార్మిన్ ఇస్తే కండ పెరుగుదల తగ్గిందని 2019లో ఒక ట్రయల్ చూపింది. షుగర్ ముప్పు కోసం డాక్టర్ రాస్తే వేసుకోండి, అప్పుడప్పుడు బీ12 విటమిన్ పరీక్ష చేయించుకుంటూ ఉండండి. ఆయుష్షు కోసమని మాత్రం మొదలుపెట్టొద్దు, రాపామైసిన్‌ని పరీక్షించిన అదే ఎలుకల కార్యక్రమంలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఇస్తే చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు.

ఎన్‌ఎంఎన్ వెనక సర్ట్యూయిన్ల కథ ఉంది, వయసుతో సంబంధం ఉందని చెప్పే ప్రోటీన్లు అవి. 2008లో ఒక పెద్ద మందుల కంపెనీ ఈ దారి మీద పనిచేసే సంస్థని 72 కోట్ల డాలర్లకి కొని 2013లో మూసేసింది. 2021లో షుగర్ అంచున ఉన్న, నెలసరి ఆగిన స్త్రీల మీద చేసిన చిన్న అధ్యయనంలో ఎన్‌ఎంఎన్ కండలో ఇన్సులిన్ పనితీరుని మెరుగుపరిచింది, రక్తంలో షుగర్‌నీ లివర్ కొవ్వునీ మార్చలేదు. మీకు మారాల్సింది ఆ లివర్ కొవ్వే.

లివర్ కొవ్వుకి పనిచేసేది బరువు తగ్గడం, సన్నగా ఉన్నవాళ్లకి కూడా. న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ బృందం బీఎంఐ 27 లోపు ఉన్న 20 మంది షుగర్ రోగులకి సగటున సుమారు పది శాతం బరువు తగ్గిస్తే 14 మందికి మందులు ఆపినా షుగర్ అదుపులోకి వచ్చింది, లివర్‌లోనూ పాంక్రియాస్‌లోనూ కొవ్వు తగ్గింది. మీకు ఇంకా షుగర్ రాలేదు, నాలుగైదు కిలోలు చాలా మార్పు తేగలవు, కాకపోతే తగ్గేది కండ కాకుండా చూసుకోవాలి, అందుకే ప్రోటీన్ గురించి అంత గట్టిగా చెప్పాను.

అల్ట్రాసౌండ్‌తో పాటు పరగడుపు ఇన్సులిన్ కూడా ఒకసారి చేయించి షుగర్‌తో కలిపి డాక్టరుకి చూపించండి, సిగ్నల్ ఎంత గట్టిగా అరవాల్సి వస్తోందో దానివల్ల తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ మాత్రం వచ్చే నెలే చేయించి టెన్షన్ పడకండి. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి, మూడు నెలల లోపు చేయిస్తే పాత తిండి తాలూకు షుగరే అందులో ఎక్కువగా కనిపిస్తుంది. రక్తహీనత ఉంటే ఆ అంకె తప్పుదోవ పట్టిస్తుంది కాబట్టి హిమోగ్లోబిన్ కూడా అదే రోజు చూపించుకోండి.